శాంతయ్య నాయుడి బిళ్ళచేపలు

ఎర్రపురుగుల్ని ఏడు నీళ్ళలో కడగాల. అప్పటికీ కంపు పోదు.

బంగారుపాళ్యంలో కాఫీ హోటలు వెనక ఒక మురికికాలవ ఉండేది. ఎంగిలాకుల నీళ్ళు, పాలగిన్నెలు తోమిన నీళ్ళు, చెప్పకూడనివి ఇంకా ఏమేమో అన్నీ అందులోకే పొయ్యేవి. అడుగున బురదలో దారప్పోగుల మాదిరి ఎర్రపురుగులు తలకిందులుగా నిలబడి ఊగుతా ఉండేవి. రోజూ పొద్దున్నే నేను ఆడ గొంతుక్కూచుని, కొబ్బరిచిప్పతో బురద ఎత్తి, చినిగిన పంచెగుడ్డలో వడగట్టేవాణ్ణి. పురుగులన్నీ ఒకదాన్నొకటి చుట్టుకుని ఉండ అవుతాయి. ఆ ఉండ అరచేతిలో చల్లగా, మెత్తగా, కదులుతా ఉంటాది. మొదటి నెల నాకు అన్నం సయించలేదు. ముద్ద కలిపితే అదే గుర్తొచ్చేది.

ఇదంతా శాంతయ్య నాయుడి ఇంట్లో అద్దాలతొట్టి కోసం. నాయుడికి నలభై ఎకరాల మామిడితోట. నేను ఆ తోటలో కావలి మనిషిని. పేరు చిన్నబ్బ. ఐదో తరగతి దాకా చదివినాను గాబట్టి, తోట పని లేనప్పుడు ఇంటికాడ ఏ పని తగిలినా నన్నే పిలిచేవాళ్ళు.

తొట్టి నాయుడిది గాదు. జపానువాళ్ళు బాంబులేస్తారని మద్రాసు ఖాళీ చేసిన యేడు, ప్రేమానందం అనే వకీలు పెళ్ళాం బిడ్డల్తో వచ్చి నాయుడి బయటింట్లో బాడుగకు దిగినాడు. అందరూ ట్రంకుపెట్టెలు, పరుపుచుట్టలు దించుకుంటా ఉంటే, ఆయన మాత్రం ఇనుపచట్రంలో బిగించిన అద్దాలతొట్టి దించినాడు. పక్కనే కిరసనాయిలు డబ్బాలో రెండు చేపలు. పులికాటు సరస్సు ఉప్పునీళ్ళలో పుట్టినవంట. గుండ్రంగా, పల్చగా, నిలబెట్టిన బిళ్ళ మాదిరి ఉంటాయి. పసుప్పచ్చ ఒళ్ళు, దాని మీద వరసలుగా ఎర్రచుక్కలు. అరచేతిలో సగం కూడా ఉండవు. మేము బిళ్ళచేపలు అన్నాము. ఆయన ఇంగ్లీషులో ఏదో అనేవాడు.

సంవత్సరానికి భయం తీరి మద్రాసుకు తిరిగి పొయ్యేటప్పుడు, తొట్టిని నాయుడికి బహుమానంగా ఇచ్చినాడు. చేపల్ని మాత్రం నాకు ఒప్పజెప్పినాడు.

"చిన్నబ్బా, ఒకే ఒక్క సంగతి గుర్తు పెట్టుకో. నీళ్ళు. తొట్టికి పది కడవలు పడతాయి. వారానికి రెండు తియ్, రెండు పొయ్. పోసేవి ఒకరోజు ముందే చేది పెట్టుకో. గుప్పెడు కళ్ళుప్పు వెయ్. నీళ్ళలో ఇంకేమీ కలపొద్దు. మొత్తం ఒకేసారి మార్చొద్దు. మారిస్తే చస్తాయి."

"సరేనయ్యా."

"గుడ్లు పెట్టి పిల్లలైతే నాకు కార్డు రాయి. పదేళ్ళుగా పెంచుతున్నాను, ఒక్కసారి కూడా పిల్లల్ని కళ్ళజూడలేదు."

నాయుడికి తొట్టి మీద మహా గర్వం. ఎవురొచ్చినా ముందు తొట్టికాడికి పిలుచుకుని పోతాడు. ఉంగరమేసుకున్న వేలితో అద్దం మీద టకటకమని కొడతాడు. కొట్టినప్పుడల్లా చేపలు ఉలిక్కిపడి మూలకు పోయి అద్దానికి గుద్దుకుంటాయి. అది చూసి నవ్వుతాడు. చిత్తూరు నుంచి వచ్చిన మామిడికాయల బేరగాడు ఒకసారి అన్నాడు:

"ఏం నాయుడూ, ఇయ్యి పులుసుకు యేమూలకు సాలతాయి?"

"ఒరే అబ్బా, ఇవి తినేవి గాదు, సూసేవి."

"సూస్తే కడుపు నిండుతాదా?"

"నీ మాదిరోళ్ళకు నిండదులే."

ఇద్దరూ నవ్వినారు. నేను చేతిలో పురుగుల ఉండ పెట్టుకుని పక్కన నిలబడి ఉండినాను. ఆ ఉండను ఇద్దరి చొక్కాల్లో వేస్తే ఎట్టుంటాదా అనుకున్నాను.

మొదట్లో నాకు ఆ చేపలంటే కూడా రోతే. మూడుసార్లు గుడ్లు పెట్టినాయి. వకీలు బిడ్డ చదివి వదిలేసిన పలకను తొట్టిలో ఏటవాలుగా నిలబెట్టి ఉండాము. రెండూ కలిసి దాన్ని నోటితో గీకి గీకి శుభ్రం చేస్తాయి. పెట్టిన గుడ్లకు మగది, ఆడది మార్చి మార్చి రెక్కలతో గాలి విసురుతాయి. ఎంత ఒద్దిక! పెండ్లికి వచ్చినోళ్ళు చెప్పుకునే మాదిరి మొగుడూ పెళ్ళాం. రెండోరోజు పొద్దున పోయి చూస్తే పలక నున్నగా ఉంటాది. గుడ్లు ఉండవు. వాటి పొట్టలు ఉబ్బి ఉంటాయి. నా మొహం చూసి పురుగుల కోసం పైకి వస్తాయి. మూడోసారి పురుగులెయ్యకుండా ఒకపూట కడుపులు ఎండబెట్టినాను. కన్నవాటినే తిన్న నోటికి నేను మురికికాలవలో చెయ్యి పెట్టాలనా?

నాలుగోసారి తినలేదు.

ఐదో రోజు గుడ్లు చిట్లి, తోకలు కదిలించే మసి చుక్కలు వచ్చినాయి. వాటిని ఒక్కొక్కటే నోట్లో తీసుకుని ఇసకలో గుంట చేసి ఊదినాయి. వారానికి ఆ చుక్కలన్నీ లేచి ఈదినాయి. నలభైకి తక్కువ ఉండవు. ఈది నేరుగా తల్లి ఒంటికి అంటుకున్నాయి. దగ్గరికి పోయి చూసినాను. ఒళ్ళు గీక్కుని తింటా ఉండాయి! చేప ఒంటి మీద జిగురు ఉంటాది గదా, చేత్తో పట్టుకుంటే జారేది, ఆ చీమిడి మాదిరి జిగురును పిల్లలు నలభైయ్యీ కొరికి కొరికి తింటా ఉండాయి. తల్లి కదలకుండా నిలబడి ఉండాది. పుండు మీద ఈగలు ముసిరినట్టు ఉండాది.

అట్టనే చూస్తా నిలబడినాను. ఎంతసేపో తెలీదు. తల్లికి చాలనిపించినప్పుడు ఒక్కసారి ఒళ్ళు విదిలించి పక్కకు పోయింది. పిల్లలన్నీ మబ్బు మాదిరి లేచి, అంతలో వచ్చిన మగదాని ఒంటికి అంటుకున్నాయి. అది నిలబడింది. అదీ చాలనుకున్నప్పుడు మళ్ళీ ఆడది. పసుపు రంగు పోయి రెండూ నల్లబడి, సాయంత్రానికి వాటి ఒంటి మీద తెల్లటి గీతలు పడినాయి. మళ్ళీ నిలబడతానే ఉండాయి.

మధ్యాన్నం కూటికి పోలేదని నాకు పొద్దుగూకినాక తెలిసింది.

మరుసటి రోజు పోస్టాఫీసుకు పోయి కార్డు కొన్నాను. నేను ఊరి బయటి మనిషికి జాబు రాయడం అదే మొదలు. 'పిల్లలయినవి. నలభై ఉన్నవి. తల్లిదండ్రుల చర్మం తినుచున్నవి. తమరు వచ్చి చూడవలెను' అని రాసినాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. 'ఆదివారం వస్తున్నాను. పదేళ్ళలో నా వల్ల కానిది నీ వల్ల అయింది. అవి కాస్త పెద్దవయ్యేదాకా జాగ్రత్త' అని ఉండాది. ఆ కార్డును తలపాగలో పెట్టుకుని తిరిగినాను. నాకు పెండ్లాం లేదు, సెంటు భూమి లేదు. మామిడికాయలు కాచేది చెట్లు, అమ్మేది నాయుడు. నా వల్ల అయింది అని చెప్పుకునేది అదొక్కటే ఉండాది. ఆదివారం దాకా ఆ నలభై బతకాల.

ఆదివారానికి ముందు గురువారం అమావాస్య. సూర్యగ్రహణం.

నాయుడి తల్లి తిరుమలమ్మ తులసిపూసల మనిషి. ఆ చేపలొచ్చినప్పటినుంచీ తొట్టి పెట్టిన ముందుగదిలోకి అడుగు పెట్టలేదు. "కిరస్తానపాయన నీచు" అనేది. నాయుడి ఇంట్లో ఆదివారం ఆదివారం కోడి తెగుతాది, అది మాత్రం ఆమెకు నీచు గాదు. బుధవారం సాయంత్రం గడప అవతల నిలబడి నన్ను పిలిచింది.

"ఒరే చిన్నబ్బా, రేపు గ్రహణం విడిచినాక ఇంట్లో చుక్కనీళ్ళు ఉండగూడదు. కడవలు, కాగులు, గాబులు అన్నీ కుమ్మరించాల. ఆ తొట్టి కూడా."

"అది కుమ్మరిస్తే చేపలు చస్తాయి పెద్దమ్మా."

"బాయినీళ్ళు కొత్తవి పొయ్యి. ఆ మురికినీళ్ళ కంటే మేలు గదా?"

"కొత్తనీళ్ళు పడవు వాటికి. వకీలయ్య చెప్పిపోయినాడు."

"ఆయప్పకు గ్రహణం లేదు, మైల లేదు. మనకుండాది."

ఆడనే కూచుని ఉన్న నాయుడి మొహం చూసినాను. ఊర్లోకి ఎవురన్నా చదువుకున్నోళ్ళు వస్తే, "గ్రహణమంటే యేముందప్పా, అంతా నీడలు" అని చెప్పే మనిషి. ఆపొద్దు వక్కలు కొరుక్కుంటా దూలాల పక్క చూసినాడు.

అప్పుడు నాకు దర్భ గుర్తొచ్చింది. ఊరగాయ జాడీలు, పాలకుండలు గ్రహణానికి పారబొయ్యరు గదా. దర్భపోచ వేస్తే మైల అంటదు.

"ఊరగాయకు పనికొచ్చేది చేపలనీళ్ళకు పనికిరాదా పెద్దమ్మా?" అన్నాను.

ముసలామె ఆలోచించింది. "ఊరగాయ మడిగా పెట్టేది. దానికీ దీనికీ పోలికనా?" అనింది. కాసేపటికి, "దర్భ వేసినా, విడిచినాక శుద్ధి చెయ్యాల. పంచగవ్యం చల్లాల. అట్టయితేనే ఆ నీళ్ళు ఇంట్లో ఉండేది."

"యెంత?"

"మూడు ఉద్ధరిణెలు."

మూడు చిన్న చెంచాలు. పది కడవల నీళ్ళలో మూడు చెంచాలు యేమి చేస్తాయిలే అనుకున్నాను. నీళ్ళలో ఇంకేమీ కలపొద్దన్న మాట గుర్తులేక గాదు. తొట్టి కుమ్మరించడం తప్పిందన్న సంతోషంలో సరే అన్నాను.

గురువారం పొద్దెక్కినాక గ్రహణం పట్టింది. పొయ్యి వెలిగించలేదు. నాయుడు నడిమింట్లో పంచె చెంగున దర్భ ముడేసుకుని, తలుపు మూసుకుని కూచున్నాడు. నేను తొట్టి మీద గోనెపట్ట కప్పి, నాలుగు మూలలా దర్భ పెట్టి, పక్కనే కూచున్నాను. ఎండ సన్నబడింది. కాకులు అరవడం మానేసినాయి. పిల్లలు తండ్రి ఒంటి మీద తింటా ఉండాయి. వాటికి యే గ్రహణమూ పట్టలేదు.

విడిచినాక అందరూ తలకు నీళ్ళు పోసుకున్నారు. తిరుమలమ్మ తడికోకతోనే వచ్చి, గడప మీద కంచుగిన్నె పెట్టింది. గిన్నె నిండా పంచగవ్యం. పాలు, పెరుగు, నెయ్యి, ఆవు పంచితం, పేడనీళ్ళు. పైన నెయ్యి పసుప్పచ్చగా తేలతా ఉండాది. ఆమె లోపలికి రాదు. నా చేతికి ఉద్ధరిణె ఇచ్చింది.

ఒకటి. రెండు. మూడు. నీళ్ళలో తెల్లగా పొగ మాదిరి లేచి కరిగిపోయింది.

"అయింది పెద్దమ్మా."

"మిగిలింది?"

"మీరు తీసకపోండి."

"యాడికి తీసకపొయ్యేది? ఇల్లంతా చల్లగా మిగిలింది అదే. పవిత్రమైంది, తొక్కుళ్ళలో పడగూడదు. చెట్టుకు పోస్తే కుక్కలు తొక్కుతాయి. దాంట్లోనే పొయ్."

"అంతా పోస్తే..."

"పొయ్ రా. గోవు నుంచి వచ్చింది దేన్నీ చంపదు."

గిన్నె నా చేతిలో ఉండాది. ఆమె వెనక నాయుడు వచ్చి నిలబడి, "కానీ రా, అమ్మ నిలబడి ఉండాది, జలుబు చేస్తాది" అన్నాడు. నేను వొద్దు అనలేదు. గిన్నె వంచినాను.

ఆ పొద్దు సంగతి రాయాలంటే ఇప్పటికీ నాకు రోత. గంటకంతా తొట్టి కుడితి మాదిరి అయింది. పైన నెయ్యి పేరుకుని పొర కట్టింది. పేడ నలకలు పిల్లల మాదిరే తేలతా ఉండాయి, యేది పిల్లో యేది పేడో తెలీలేదు. పెద్దచేపలు రెండూ పైకొచ్చి ఆ నెయ్యిపొరలో మూతి పెట్టి గుటకలేస్తా ఉండాయి. నేను పంచెగుడ్డతో నెయ్యి తీసినాను. తీసేకొద్దీ వచ్చింది. ముందురోజు చేది పెట్టుకున్న నీళ్ళు రెండు కడవలు ఉండేవి. మైలనీళ్ళని అవి కూడా గ్రహణం విడవగానే కుమ్మరించేసినారు. ఉండేది అప్పుడే చేదిన బాయినీళ్ళు. పోస్తే చస్తాయి, పొయ్యకపోతే చస్తాయి.

నేను చేతులు నీళ్ళలో పెట్టుకుని ఆలోచిస్తా ఉంటే, తల్లిచేప ఒక పిల్లను నోట్లోకి తీసుకునింది. ఇసకగుంటలోకి మార్చేటప్పుడు అట్టనే తీసుకునేది గాబట్టి, యాడన్నా మంచి చోటికి చేరుస్తాందేమో అనుకున్నాను. ఊదలేదు. ఇంకొకటి తీసుకునింది. తండ్రి మొదలుపెట్టింది. వారం రోజులు కదలకుండా నిలబడి ఒళ్ళు తినిపించినవి, ఒక్కొక్కదాన్నీ వెతికి వెతికి తిన్నాయి. చీకటి పడకముందే అయిపోయింది. ఆ తర్వాత నేనే ఆరు కడవలు తోడి బాయినీళ్ళు పోసినాను. చస్తే చావనీ అనుకున్నాను. పెద్దవి రెండూ చావలేదు.

ఆదివారం పన్నెండు గంటలకు, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సులో వకీలు దిగినాడు. మొహమంతా మసి. నవ్వుతా వచ్చినాడు. బిడ్డను ఎత్తుకునేదానికి వచ్చినోడి మాదిరి కండవతో చేతులు తుడుచుకుంటా తొట్టికాడికి పోయినాడు.

"ఏవీ?"

నేను నోరు తెరిచేలోపల నాయుడు అందుకున్నాడు. "యేం చెప్పమంటారు వకీలు గారూ. మావోడు రెండుపూట్లా పురుగులెయ్యను బద్ధకించినాడు. ఆకలికి తినేసినాయి."

వకీలు నా పక్క చూసినాడు.

"పంచగవ్యం పోసినానయ్యా," అన్నాను. "గిన్నెడు. నేనే పోసినాను."

వకీలు వంగి నీళ్ళ దగ్గర ముక్కు పెట్టినాడు. అద్దం అంచున ఇంకా నెయ్యి పేరుకుని ఉండాది. వేలితో గీకి చూసుకున్నాడు. తలెత్తి గడప అవతల నిలబడిన తిరుమలమ్మను చూసినాడు, నాయుణ్ణి చూసినాడు. ఆయనకు అంతా అర్థమయిందని నాకు తెలిసింది. ఒక్కమాట అంటాడని చూసినాను. నన్ను తిట్టినా సరే, వాళ్ళను అడిగినా సరే.

వేలు కండవకు తుడుచుకున్నాడు. "పోనీలే చిన్నబ్బా. చేపలే గదా. మళ్ళీ పెడతాయి. పెట్టినప్పుడు కార్డు రాయి."

వసారాలో వకీలుకు ఆకేసినారు. తిరుమలమ్మ దూరం నుంచి పొయ్యించిన నెయ్యి అన్నం మీద వేసుకుని కలుపుకుంటా, "మద్రాసులో ఇలాంటి నెయ్యి ఎక్కడ దొరుకుతుందమ్మా" అన్నాడు. ముసలామె మురిసిపోయింది. ఇంకో గరిటె పొయ్యమనింది. ముగ్గురూ నవ్వుకున్నారు. నేను తోటలోకి పోయి మామిడిచెట్టు కింద కూచుని తలపాగలోంచి ఆ కార్డు తీసి చింపినాను. వాళ్ళ మీద రోత పుట్టింది. నా మీద ఇంకా ఎక్కువ పుట్టింది. గిన్నె ఎవురిదైనా వంచిన చెయ్యి నాది.

ఇరవై రోజులకు ఆ రెండూ మళ్ళీ పలక గీకినాయి. గుడ్లు పెట్టినాయి. నేను యెవురికీ చెప్పలేదు. కార్డు రాయలేదు. తింటే తిననీ అని పురుగులేసి ఊరుకున్నాను. తినలేదు. పిల్లలయినాయి. లేచి ఒంటికి అంటుకున్నాయి.

ఆపొద్దే నాయుడు కేకేసినాడు. "రేయ్ చిన్నబ్బా, రేపు తాసిల్దారు వస్తాండాడు. తొట్టి అద్దాలు తుడిచిపెట్టు. అమ్మ కూడా నీళ్ళు మార్చమంటాంది, శ్రావణమాసం గదా."

నేను తొట్టిని చూసినాను. రెండు చేపలూ నల్లగా మాడి ఉండాయి. ఒంటినిండా ఎర్రచుక్కలు, వాటి మధ్య పొట్టు లేచినట్టు తెల్లగీతలు. నేను గోనెపట్ట కప్పి వచ్చి, గడపకు అడ్డంగా నిలబడినాను.

"అయ్యా, దగ్గరికి రావద్దు. పెద్దమ్మా, నువ్వు కూడా. ఆ రెంటికీ అమ్మవారు పోసింది."

"యేందిరా?"

"ఒంటినిండా పోసింది. నల్లబడి పొట్టు లేస్తాంది. కావాలంటే దూరం నుంచి సూడండి."

వెనక్కి పోయి పట్ట ఒక మూల ఎత్తి చూపించినాను. నాయుడు తొంగిచూసి మూడడుగులు వెనక్కి పోయినాడు. నోటికి కండవ అడ్డం పెట్టుకున్నాడు. తిరుమలమ్మ రెండు చేతులూ జోడించింది. అంతవరకూ నీచు అన్న మనిషి.

"తల్లీ, మా ఇంటికి వచ్చినావా తల్లీ," అనింది. "ఒరే, నీళ్ళు ముట్టగూడదు. తల్లికి కోపమొస్తాది. యెవురూ ఆ గదిలోకి పోగూడదు. నువ్వొక్కడివే పో. నీకు చిన్నప్పుడే పోసింది గదా."

తాసిల్దారును తోట బంగళాలో దించినారు. నాయుడు నన్ను చూస్తే పది గజాల దూరం నుంచే మాట్లాడతాడు. గడపకు వేపమండలు కట్టినారు. నేను పెద్ద అబద్ధమేదీ ఆడలేదు, ఒక్కమాట చెప్పినాను. అంతకుముందు నిజం ఎన్నిసార్లు చెప్పినానో!

పిల్లలు బియ్యపుగింజలంత అయినాయి. రోజూ మధ్యాన్నం తిరుమలమ్మ తలొంచుకుని వచ్చి, అమ్మవారికని గడప మీద చద్దన్నం, పెరుగు, ఉల్లిపాయ పెట్టి, తిరిగి చూడకుండా పోతాది. సాయంత్రం గిన్నె ఖాళీగా ఉంటే, "అమ్మ తినిందిరా" అని చెంపలు వేసుకుంటాది. పెరుగు పులిసి నురగ కట్టి ఉంటాది. వాసన చూస్తేనే వాంతి వస్తాది. గోనెపట్ట వెనక కూచుని, ఆ పిల్లలు తల్లి ఒళ్ళు తినేది చూస్తా, నేను మొత్తం తింటాను.